పాటకీ పాటకీ మధ్య

మైకు దొరికితే వదలని మనుషులంటే నాకు ఒళ్లుమంట. తిరుపతిలో సౌండ్ సర్వీసు నడుపుతున్నాను. పెళ్లిళ్లు, జాతరలు, స్కూలు వార్షికోత్సవాలు, ఎవరు పిలిచినా పెట్టెలు ఆటోలో వేసుకుని పోతాను. "రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అన్నవాడు ముప్పావుగంటకు ముందు ముగించిన పాపాన పోలేదు. అలాంటివాళ్ల గొంతులు పెద్దవి చేసి ఊరికి వినిపించడమే నా బతుకు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నా జన్మలో ఒకే ఒక్కసారి, పోగొట్టకూడని మాటలు నా చేతిలోకి వచ్చాయి. వాటిని నేను పోగొట్టాను.

పని మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన కాలంలో గరాటు స్పీకర్లు ఉండేవి, కొయ్యకు కట్టి ఊరి రెండు చివర్లా నిలబెట్టేవాళ్లు. నాకు పదకొండో పన్నెండో ఏళ్లప్పుడు సత్యవేడు దగ్గర ఒక పల్లెలో పెళ్లికి పోయాం. పాట అయిపోయింది. మా నాయన వక్కాకు వేసుకోవడానికి పక్కకు తిరిగాడు. మైకు తెరిచే ఉంది. దాని పక్కన నిలబడి పెళ్లికొడుకు పెదనాన్న, పెళ్లికూతురి రంగు గురించి, వాళ్లు పెట్టిన భోజనం గురించి తన తమ్ముడితో నాలుగు మాటలు అన్నాడు. ఊరంతా వినింది. పెళ్లి ఆగలేదు. రెండు వైపులవాళ్లూ కలిసి మా నాయనను కొట్టారు.

బస్సులో తిరిగొస్తూ, వాచిన చెంప కిటికీకి ఆనించి ఆయన నాకు చెప్పాడు. "పాట అయిపోతానే చెయ్యి మైకు మీదికి పోవాల. మళ్లీ పాట మొదులైనాకనే తియ్యాల. మద్దెలో మనుసులు మాట్లాడుకునేది మనకు పనికొచ్చేది కాదు. మర్సిపోతే నీకూ పడతాయి."

నేను మర్చిపోలేదు. ముప్పై ఏళ్లలో ఆ అలవాటు నా చేతిలోకి ఎంతగా దిగిపోయిందంటే, నేను ఆ పని చేస్తున్నానని కూడా నాకు తెలియదు. పాటలో చివరి దెబ్బ పడీ పడగానే బొటనవేలు పోయి మైకు కట్టేస్తుంది. ఆయన మైకు పెడితే గొడవలుండవని నాకు ఊళ్లో పేరు కూడా వచ్చింది. దానికి లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి.

క్లబ్బు సంగతి చెప్పాలి. మా ఊళ్లో క్లబ్బంటే పేకాట క్లబ్బే. అందుకని శనివారం సాయంత్రాలు క్లబ్బులో పని దొరికిందని చెబితే మా ఆవిడ రెండు రోజులు మూతి ముడుచుకుంది. అది బస్టాండు వెనక ఒక లాడ్జి కింది సెల్లారు. చిరిగిన పరుపులు, చెడిపోయిన కూలర్లు పడేసే చోటు. లాడ్జి ఓనరు తమ్ముడు బెంగుళూరులో ఏవేవో చూసొచ్చి, గోడలకు నల్లరంగు కొట్టించి, మోత బయటికి పోకుండా కోడిగుడ్ల అట్టలు అతికించి, కుర్ర బ్యాండ్లను పిలిచి వాళ్ల సొంత పాటలు పాడించేవాడు. కుక్కితే అరవై మంది పడతారు. మందు లేదు. నిమ్మసోడా, ఎగ్ పఫ్, టీ. పైన గదులనిండా యాత్రికులు, తెల్లవారుజామున రెండింటికి లేచి కొండకు పోవాల్సినవాళ్లు. కాబట్టి తొమ్మిదిన్నరకల్లా అన్నీ కట్టేయాలి. అప్పుడప్పుడూ గుండ్లకు గంధం పూసుకున్న కుటుంబం ఒకటి మెట్ల మీద నిలబడి, లోపల ఏం జరుగుతోందో అంతుబట్టక కాసేపు చూసి వెళ్లిపోయేది.

అక్కడ పాడిన బ్యాండ్లలో ఎక్కువ వాటికి ఇంగ్లీషు పాటలు, ఇంగ్లీషు కేకలు. ఒక్క బ్యాండు మాత్రం తెలుగులో పాడేది, అదీ మనం ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులో. నలుగురు కుర్రవాళ్లు. గిటారు, బేసు, డ్రమ్స్ వాయించేవాళ్లు ముగ్గురూ కాలేజీ స్నేహితులు. పాడేవాడిది వడమాలపేట పక్కన పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. పగలంతా తిరుపతిలో రక్తపరీక్షల ల్యాబులో పని, సాయంత్రం బస్సెక్కి ఇంటికి. ముప్పై దాటలేదు.

మొదటి రోజు నాకు సుతరామూ నచ్చలేదు. అయిపోయాక వైర్లు చుట్టుకుంటూ అడిగాను. "ఏమప్పా, అది పాటా, ఎవురితోనన్నా ఫోన్లో మాట్లాడతా ఉండావా?"

"రెండూనన్నా" అని నవ్వాడు.

ఒక పాట, రాత్రిపూట కరెంటు ఎప్పుడొస్తుందో అని మోటారు దగ్గర పడుకునే తన నాయన గురించి. ఇంకొక పాట ల్యాబు గురించి. "మొగం అట్ల తిప్పుకోండి, ఒక్క నిమిసం" అని మొదలయ్యేది. సూది గుచ్చే ముందు అందరితో అనే మాటే. గిటారు ఒక పక్క గోడలు అదిరేట్టు మోగుతుంటే వాడు మెల్లగా ఆ మాటే పదిసార్లు అనేవాడు. నాలుగో శనివారానికి నేను ఆ పాట కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. వాడి గొంతులో సన్నటి జీర ఉండేది. అదే బాగుందని అందరూ అనేవాళ్లు. నేనూ అన్నాను. అది రోగమని మాలో ఒక్కడికీ తట్టలేదు.

రెండేళ్లు గడిచాయి. ఒక బుధవారం మధ్యాహ్నం వాడు నా షాపుకు వచ్చాడు. ఆంప్లిఫయర్ విప్పి పెట్టుకుని ఉన్నాను. స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాడు. "అన్నా, ఈ శనివారం పాడతా. సోమవారం నాకు ఆపరేషను. గొంతు తీసేస్తారంట."

"గొంతులో గడ్డ తీస్తారా?"

"గొంతే తీసేస్తారన్నా. మాట రాదింక."

నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "సిగరెట్లు తాగతావా?" అన్నాను.

"ఒక్కటీ తాగలేదు. అందురూ ఇదే అడగతా ఉండారు" అన్నాడు. తల కొట్టేసినట్టయింది నాకు.

వాడి పెళ్లాం అప్పటికి ఏడో నెల. వాడు వచ్చింది దానికోసమే. పుట్టబోయే బిడ్డకు తన గొంతు తెలియాలి. "ఫోన్లో మాట్లాడి పెట్టొచ్చు గదా అంటావేమో. నాలుగుసార్లు కూసున్నానన్నా. నోరు తెరిస్తే ఏడుపే వస్తా ఉండాది. ఏడిసే గొంతు బిడ్డకు ఇచ్చిపోలేను. ఆడ క్లబ్బులో మైకు ముందర నిలబడితే మాట్లాడగలను, నాకు తెలుసు. ఆ పొద్దు మొత్తం రికార్డు కావాల. పాటలూ, అన్నీ."

"మొదుట్నించీ చివరిదాకా చేస్తాను. మద్దెలో ఆపేదే లే" అన్నాను.

"డాక్టరు పాడొద్దన్నాడు. ఉన్నింది కూడా పోతాదంట" అన్నాడు లేస్తూ. "ఇంతే మిగిలుండాది గదన్నా. దాసిపెట్టుకొని ఏం జేసేది?"

శనివారం పొద్దుట్నించీ ముసురు. సెల్లారు గోడలు చెమ్మగిల్లి గుడ్ల అట్టలు రెండు మూడు ఊడి వేలాడుతున్నాయి. నేను మామూలుగా వెళ్లేదానికంటే రెండు గంటలు ముందే వెళ్లాను. అంత చిన్న గదిలో గిటారుకూ డ్రమ్ముకూ మైకులు అక్కర్లేదు, వాటి మోత వాటికే ఎక్కువ. ఆ రోజు మాత్రం రికార్డు కోసం గిటారు స్పీకరు ముందు ఒకటి, పెద్ద డ్రమ్ము కడుపులో ఒకటి పెట్టాను. పాడేవాడి మైకు కొత్తది తీశాను. మా పనిలో సంగతి ఇది: మైకులన్నీ వచ్చి కలిసే మిక్సరు పెట్టెలోకి ఏది వస్తే అది పెన్‌డ్రైవులోకి పోతుంది, రానిది పోదు. కొత్త పెన్‌డ్రైవు పెట్టి బటన్ నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. తొమ్మిదిన్నర దాకా అది ఒక్కసారి కూడా ఆరలేదు.

జనం నిండారు. ల్యాబులో పనిచేసేవాళ్లు, వాళ్ల ఊరివాళ్లు, ప్రతి శనివారం వచ్చే కాలేజీ పిల్లలు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో వాడి పెళ్లాం, కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని. పక్కన వాడి తల్లి, ఆ మోతకు చెవుల మీదుగా కొంగు కప్పుకుని. ఆవిడ ఆ బ్యాండు వినడం అదే మొదలు.

మొదటి పాట అయిపోయింది. అందరూ ఫోన్లు ఎత్తి వీడియో తీసుకున్నారు, చప్పట్లు కొట్టారు. వాడు మైకు దగ్గర్నుంచి కదల్లేదు. నీళ్లు ఒక గుక్క తాగి, పెళ్లాం కడుపు వైపు చూసి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"బిడ్డా, నేను మీ నాయన. అమ్మాయివో అబ్బాయివో తెలీదు. యాడికీ పోవడంలే, ఈడనే ఉంటా. మాట మాత్రం ఉండదు. అందుకని కొన్ని ఈపొద్దే చెప్పేస్తా ఉండా."

ఒక్కొక్కరే ఫోన్లు దించేశారు. తీస్తే బాగుండదని వాళ్లకే అనిపించి ఉండాలి. ఆ సెల్లారులో స్పూను కిందపడ్డా వినిపిస్తుంది. అరవై మందీ నోరు మూసుకుని కూర్చున్నారు. వాడి మాట స్పీకర్లలోంచి వస్తోందా, నోట్లోంచి నేరుగా వస్తోందా అని ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. నేను వింటున్నాను.

పాటకీ పాటకీ మధ్య అలా నాలుగుసార్లు మాట్లాడాడు. ఒకసారి పెళ్లాన్ని ఆటపట్టించాడు. "మీ యమ్మ సాంబారులో ఉప్పు మర్సిపోతాది. మర్సిపోయినావని అనొద్దు, అలుగుతాది. కమ్మున అడిగి ఏసుకో." జనం నవ్వారు. ఆ అమ్మాయి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇంకొకసారి అన్నాడు. "సైకిలు నేర్సుకునేటప్పుడు ఎనక నేను పట్టుకోనుంటా. వదిలేసినా అని అరిసి చెప్పలేను. అందుకని ఎనక్కి తిరిగి సూడొద్దు. తొక్కతా ఉండు." వాడి తల్లి చెవుల మీది కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారి చెప్పింది తన నాయన గురించి. తన చిన్నప్పుడే మోటారు దగ్గర పాము కరిచి పోయిన మనిషి గొంతు తనకు ఇప్పుడు గుర్తే లేదని, ఎంత తలుచుకున్నా ముఖమే వస్తోందని, ఆ బాధ నీకు వద్దని.

చివరి పాటకు ముందు పేరు చెప్పాడు. మా వైపు పేరుపెట్టే రోజు తండ్రి బియ్యంలో ఉంగరంతో బిడ్డ పేరు రాస్తాడు. తర్వాత బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి, బిడ్డకు మాత్రమే వినపడేట్టు మూడుసార్లు ఆ పేరుతో పిలుస్తాడు. ఆ పేరుతో బిడ్డను పిలిచే మొదటి గొంతు తండ్రిది.

"ఆ పొద్దుకు నాకు గొంతుండదు" అన్నాడు. "రాసేది రాస్తా. పిలిసేది మాత్రం ఈపొద్దే పిలస్తా. ఎవురన్నా ఆ పొద్దు ఇది నీ సెవికాడ పెడతారు." మైకు వైపు ఒకసారి చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వాడు కళ్లు మూసుకుని, ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా సరిపోయే ఒక పేరు మూడుసార్లు పిలిచాడు. మెట్ల మీద నిలబడి ఉన్న గుండ్ల కుటుంబంలో ఒక ముసలామె ఎందుకో చేతులు జోడించింది. నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్లలో మిక్సరు వెనక నిలబడి నేను ఏడ్చింది అదొక్కసారే.

చివరి పాట మధ్యలో గొంతు పూర్తిగా పోయింది. మొగం అట్ల తిప్పుకోండి అన్న పాటే. పెదాలు కదులుతున్నాయి, గాలి తప్ప ఏమీ రావడం లేదు. గిటారువాడు వాయిస్తూనే పోయాడు. వెనక వరసలో ఎవరో అందుకుని పాడారు. తర్వాత అందరూ పాడారు.

అన్నీ సర్దేశాక పెన్‌డ్రైవు తీసి వాడి చేతిలో పెట్టాను. "వినుకుంటివా అన్నా?" అని గుసగుసగా అడిగాడు. ఆ గుసగుస ఇంకా మిగిలి ఉంది వాడికి.

"ఎర్ర లైటు ఆరలేదు లేప్పా. నిశ్చింతగా పో" అన్నాను.

వినలేదు. ఐదు నిమిషాల పని. హెడ్‌ఫోను నా మెడలోనే ఉంది. నలుగురి ముందు ఏడ్చానన్న సిగ్గుతో ఎప్పుడెప్పుడు ఇంటికి పోదామా అని చూశాను. మా పనిలో ఎవరూ రికార్డు మళ్లీ వినరు, పెళ్లివాళ్లు కూడా వినిపించమని అడగరు. అప్పుడు విని ఉంటే రాత్రి ఉంది, ఆదివారం ఉంది, గుసగుసగానైనా ఒక పేరు పిలవడానికి గొంతు ఉంది. సోమవారం ఆపరేషను అయిపోయింది.

ఆ తర్వాత రెండు మూడు నెలలు ఆ పెన్‌డ్రైవు జోలికి ఎవరూ పోలేదు. వాడి పెళ్లాం వినలేనని బీరువాలో పెట్టింది. ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజు పేరుపెట్టడం. ముందు రోజు సాయంత్రం గిటారు వాయించే అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. పేరు పిలిచిన ముక్కను వేరుగా కత్తిరించి ఫోన్లోకి ఎక్కించే పని ఆ అబ్బాయికి అప్పజెప్పారు.

"అన్నా, పేరు యాడుండాది? దొరకడంలే."

"చివరి పాటకు ముందర సూడు."

"సూసినా. ఆడ గుయ్ మని మోతే ఉండాది."

నాకు అప్పటికే తెలిసిపోయింది. అయినా ఫైలు పంపమని, షాపు షట్టరు సగం దించి హెడ్‌ఫోను పెట్టుకున్నాను. పాట అయిపోతుంది. డ్రమ్ము తాళాల మోత సాగుతుంది. చప్పట్లు మొదలవుతాయి. అక్కడ నా బొటనవేలు పడుతుంది. ఆ తర్వాత గిటారు స్పీకరు మోత ఒక్కటే. ఎక్కడో చాలా దూరంలో, గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఒక గొణుగుడు. జనం నవ్వింది తెలుస్తుంది. దేనికి నవ్వారో తెలియదు. మళ్లీ పాట మొదలవగానే వాడి గొంతు ఖంగుమని వస్తుంది. నాలుగుచోట్లా అంతే. ఒక్కచోటైనా నా వేలు పొరపాటు పడి ఉండకూడదా అని తెల్లవార్లూ వెతికాను. నా వేలు పొరపాటు పడలేదు. చాలా రోజుల తర్వాత మద్రాసులో పెద్ద స్టూడియో నడిపే మనిషి దగ్గరకు కూడా తీసుకుపోయాను. ఉన్నది పెంచగలను గానీ లేనిది తేలేనని ఆయన అరవంలో చెప్పాడు.

ఆ తెల్లారి, పేరుపెట్టే రోజు పొద్దున్నే బండేసుకుని వడమాలపేట పోయాను. ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. వాడు మెడకు తెల్లటి గుడ్డ కట్టుకుని, పిల్లల పలక ఒకటి చంకలో పెట్టుకుని కుర్చీలు వేయిస్తున్నాడు. పక్కకు పిలిచి చెప్పాను.

"పేరు లేదప్పా. నువ్వు మాట్లాడింది ఏదీ లేదు. పాటలే ఉండాయి. మద్దెమద్దెలో నేనే మైకు కట్టేసినా. కావాలని కాదు. చెయ్యి పోయింది."

వాడు ఒక అడుగు నా మీదికి వచ్చాడు. మా నాయనకు పడ్డ దెబ్బ నాకూ పడుతుందనుకున్నాను. పడితే బాగుండుననుకున్నాను. వాడు పలక మీద రాశాడు: ఒకసారి విని ఇచ్చింటే అయిపోయేది గదన్నా.

నేను చదివానని చూసుకుని, చేత్తో తుడిచేసి, కుర్చీల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

పీటల మీద కూర్చుని పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాశాడు. అక్షరాలు చక్కగా వచ్చాయి. తర్వాత వంగి పాప చెవి దగ్గర నోరు పెట్టాడు. ఆ ఆపరేషను అయినవాళ్లకు ఊపిరి మెడలో పెట్టిన రంధ్రంలోంచి ఆడుతుంది, నోట్లోకి రాదు. కాబట్టి గుసగుస కూడా ఉండదు. పెదాలు మూడుసార్లు కదిలాయి. పంతులు కాసేపు చూసి, ఇంకెవరైనా చెప్పండమ్మా అన్నాడు. పాప మేనమామ వంగి మూడుసార్లు పిలిచాడు. నేను షామియానా గుంజ పట్టుకుని నిలబడి, అది చూడలేక రోడ్డు వైపు తిరిగాను.

ఆ రోజు నుంచీ నేను మైకు కట్టేయడం మానేశాను. మానేశానని చెప్పడం తేలిక. చెయ్యి పోతూనే ఉంటుంది, నేను వెనక్కి లాక్కుంటూనే ఉంటాను. దానివల్ల ఒక రిసెప్షనులో వియ్యంకులు కట్నం గురించి గొణుక్కున్నది హాలంతా వినింది. ఒక స్కూలు వార్షికోత్సవంలో కరస్పాండెంటు తన హెడ్మాస్టరును ఏమని తిట్టాడో పిల్లలందరికీ తెలిసింది. నాకు మతి పోయిందని జనం అనుకోవడంతో పనులు చాలా తగ్గాయి. మా ఆవిడ ఎన్నిసార్లు అడిగినా కారణం చెప్పలేదు. బ్యాండు మళ్లీ వాయించలేదు. సెల్లారులో మళ్లీ చిరిగిన పరుపులు పడేశారు.

వాడు ల్యాబులో పని మానలేదు. రక్తం తీసేవాడికి మాటతో పనేముంది. గోడకు ఒక అట్ట తగిలించి ఉంది, దాని మీద పెద్ద అక్షరాలతో "మొగం అట్ల తిప్పుకోండి, ఒక్క నిమిసం" అని రాసి ఉంది. వచ్చినవాళ్లు చదివి, నవ్వి, తిప్పుకుంటారు. ఒకసారి షుగరు పరీక్షకు పోయి నేనూ తిప్పుకున్నాను.

పాటలు పాపకు వినిపిస్తారు గానీ, ఆ పాడే మనిషి తన నాయనేనని అది నమ్మదట. వాళ్లమ్మ పాత ఫోనులో వాడు పంపిన వాయిస్ మెసేజీలు కొన్ని మిగిలాయి. "బస్సెక్కినా." "పాలు తేవాల్నా?" "వడమాలపేటలో దిగినా, అన్నం పెట్టు." వాడి మాట్లాడే గొంతు ఈ లోకంలో మిగిలింది అంతే. పాప రోజూ అన్నం తినేటప్పుడు చివరిది పెట్టించుకుంటుందని, తండ్రి పక్కనే కూర్చుని కలిపి పెడుతుంటాడని వాళ్లమ్మ ఒకసారి నాతో చెప్పింది. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే కాస్త నిద్రపట్టేది.

మొన్న పాపకు నాలుగేళ్లు నిండాయి. చిన్న సౌండ్ బాక్సు, ఒక మైకు కావాలని వాడే మెసేజ్ పెట్టాడు. కూలి వద్దని పెట్టెలు తీసుకుపోయాను. వీధిలో పిల్లలు, కేకు, బుడగలు. పాప మైకు పట్టుకుని స్కూల్లో నేర్చిన పాట పాడింది. మొదట సిగ్గుపడి నోట్లోనే గొణిగింది. నేను కొంచెం పెంచేసరికి ఆ గొణుగుడే ఇంటి ముందంతా మోగింది. అది ఆశ్చర్యపోయింది. ఇంకా చిన్నగా అని చూసింది. అదీ వినిపించింది. ఎంత చిన్న మాటనైనా ఈ వస్తువు పెద్దది చేస్తుందని దానికి అర్థమైంది.

పాట అయిపోయింది. చెయ్యి పోయింది. వెనక్కి లాక్కున్నాను.

పాప గబగబా నడిచి వాళ్ల నాయన దగ్గరికి పోయింది. మైకు వాడి నోటికి ఆనించింది. "నాయనా, నువ్వు పిలువు. దీంట్లో అయితే వినిపిస్తాది" అంది. వాడు దాన్ని చూశాడు. తర్వాత, పిల్లలూ పెద్దలూ అంతా చూస్తుండగా, మైకులో దాని పేరు పిలిచాడు. పెదాలు మూడుసార్లు కదిలాయి. నేను సౌండు పెంచే బటన్‌ను చివరిదాకా తోశాను. అంతకు మించి తోయడానికి లేదు. స్పీకరులోంచి సన్నటి ఈల లాంటి మోత వచ్చింది, అంతే.

పాప కాసేపు ఆ స్పీకరు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, కోపంగా అంది. "మామా, నువ్వు మైకు ఆన్ చెయ్యలేదు."

వాడు నా కళ్లలోకి చూశాడు. నేను మిక్సరు మీద వెలుగుతున్న లైటు దానికి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టాను.

"అవును తల్లీ, నాదే తప్పు. ఆన్ చెయ్యలేదు" అన్నాను.